ఊపిరితిత్తుల వైద్యుని శిక్షణము



ఈ సంవత్సరము మన విద్యానిధికి వచ్చిన దరఖాస్తులలో రెండింటినిగూర్చి కార్యవర్గమున కొంత వాదము జరిగినది. ఆ రెంటిలో నొకటి యువకునిది, ఒకటి యువతిది. ఇరువురును ఎం.బి.బి.ఎస్. ముగించి, ఎం.డి. పట్టమును పొంది, ఇక ఊపిరితిత్తుల వ్యాధులయందును, ప్రాణాపాయస్థితిలో నున్న రోగుల చికిత్సయందును ప్రత్యేకవిద్య నభ్యసింప గోరుచున్నారు. "గుండెశాఖకో, మూత్రపిండముల శాఖకో యైనచో సహాయము చేయవచ్చును గాని, ఊపిరితిత్తుల శాఖ యనగా క్షయాస్పత్రిలో నుద్యోగమే కదా" యని పోషకులలో నొకరు శంకించిరి. మరియొకరు "ఇంకను మూడేండ్లు చదివి వీరు క్రొత్తగా నేర్చుకొనున దేమి?" యని యడిగిరి. ఈ రెండవ ప్రశ్న మిక్కిలి మంచి ప్రశ్న. ధనమిచ్చువాడు తన ధనము దేనికి వినియోగపడునో యడుగుట న్యాయమే. దానికి సమాధానము చెప్పుమని కార్యదర్శిగారు మాకు ఉత్తరువు చేసిరి.

మేము వైద్యులము కాము. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో సంస్కృతాంధ్రములను బోధించి విశ్రాంతి గైకొన్నవారము. అయినను శిక్షణ మనునది యే విద్యకు సంబంధించినదైనను దానినిగూర్చి రెండుమాట లాడుటకు ఉపాధ్యాయునికి కొంత యధికారము గలదు. శిష్యుడు చదివినది వేరు, నేర్చినది వేరు. ఈ భేదము తరగతిగదిలో వలెనే ఆస్పత్రిలోను కానవచ్చును.

మొట్టమొదట మనభాషలోని మాటనే చూడుడు. శ్వాసకోశమునకు తెలుగువారు పెట్టిన పేరు ఊపిరితిత్తి. తిత్తి యనగా నేమో యీ సభలో నెవ్వరికిని చెప్పనక్కరలేదు. కొలిమి నూదు తోలుతిత్తిని చూచియే మన పూర్వులు రొమ్ములోని యవయవమునకు ఆ పేరు పెట్టిరి. కావున ఈ యవయవము నామతః మన కులవృత్తికి చుట్టము. దురదృష్టవశమున వ్యాధులవిషయమునను ఆ చుట్టరికము విడిపోలేదు. మన పంచవృత్తులలో నేది తీసికొన్నను ఊపిరితిత్తికి హాని కలుగని వృత్తి లేదు. కమ్మరికి బొగ్గుపొగ, కంచరికి లోహపు టావిరి, వడ్రంగికి రంపపుపొట్టు. కొన్నిజాతుల చేవకొయ్యల పొట్టు ఉబ్బసమును పుట్టించునని వైద్యులు నిర్ణయించియున్నారు. స్వర్ణకారునికి ఆమ్లముల ఆవిరు లొక్కటియే కాదు. కేడీయం అని వాడుకలోనికి వచ్చిన యతుకులోని కాడ్మియము మరింత యపాయకరము. అది వేడికి ఆవిరియై లోనికి పోయినప్పుడు ఆ క్షణమున విశేషబాధ యుండదు. కొన్నిగంటలు గడచిన తరువాత జ్వరము, రొమ్ము పట్టివేయుట, ఆయాసము కలుగును. తీవ్రమైనచో ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణమునకే ముప్పు వచ్చును. పగలు అతుకు పెట్టినవాడు రాత్రి ఆయాసముతో ఆస్పత్రికి పోయినచో, "నీవు చేయు పని యేమి?" యని యడుగని వైద్యుడు దానిని సామాన్యమైన న్యుమోనియా యని వ్రాసికొనును.

ఇక శిల్పుల మాట. ఆళ్లగడ్డయందును, పల్నాటిలోని దుర్గియందును, ఇంక ననేకస్థలములయందును మనవారు ఱాతిని దేవతలుగా మలచుచున్నారు. ఉలియు సుత్తియు మాత్రమే యున్న దినములలో లేచిన దుమ్ము వేరు; నేడు కరెంటుతో తిరుగు కోతచక్రము లేపు దుమ్ము వేరు. ఱాతిలోని సిలికా రేణువులలో కంటికి కనబడునవి ముక్కునందును గొంతునందును చిక్కుకొనును. కంటికి కనబడని యతిసూక్ష్మరేణువులే ఊపిరితిత్తుల చివరి గదులదాక పోయి, అచ్చట మచ్చలు కట్టి, మెత్తని తిత్తిని గట్టితోలుగా మార్చును. దీనికే సిలికోసిస్ అని పేరు. కట్టిన మచ్చను కరగించు మందు నేటికిని లేదు. అంతేకాక ఇట్టి ఊపిరితిత్తులలో క్షయక్రిములు సులభముగా నిలువ నీడ చేసికొనును. కర్మాగారములచట్టము, 1948, ఈ వ్యాధిని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది గాని, రోడ్డుప్రక్కన తాటాకుపందిరిక్రింద పనిచేయు శిల్పి యే కర్మాగారమునకు చెందినవాడు? ఆ పట్టిక యతనిదాక రాదు.

ఇటలీదేశమున బెర్నార్దినో రామజ్జీని యను వైద్యుడు 1700లో వృత్తికారుల వ్యాధులనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. రోగి నడుగవలసినవని ప్రాచీనులు చెప్పిన ప్రశ్నలకు తోడుగా "నీ వృత్తి యేమి?" యను నొక్క ప్రశ్నను చేర్చవలెనని యతడు కోరెను. ఱాళ్లు చెక్కువారి రొమ్మువ్యాధినిగూర్చియు నతడు వ్రాసెను. మూడువందల యేండ్లకు పైబడినది. మా మేనల్లునివరసవాడొక శిల్పి నలువదియేడవ యేట ఆయాసముతో నొక పట్టణపు టాస్పత్రికి పోగా, కఫములో క్రిమి కానరాకున్నను రెండుమారులు క్షయకు మందు లిచ్చిరట. ఆ చేతుల కాయలు చూచినవా రెవ్వరును అవి యేల కాచినవని యడుగలేదు. కావున ఊపిరితిత్తుల వైద్యుని శిక్షణలో మొదటి లక్ష్య మిదియని మా యభిప్రాయము: యంత్రము ముట్టకముందు నోరు తెరచి యడుగుట.

ఇప్పుడు ఆ చదువు క్రమమును క్లుప్తముగా చెప్పెదము. మనదేశమున ఎం.బి.బి.ఎస్. ఇంటర్నుషిప్పుతోగూడ అయిదున్నర యేండ్లు, పిమ్మట ఎం.డి. మూడేండ్లు; ఆపైన డి.ఎం. మూడేండ్లు. క్రిటికల్ కేరునకు, అనగా ఐ.సి.యు. వైద్యమునకు, వేరుగ నొక డి.ఎం. పట్టమును గలదు, మత్తువైద్యము మొదలగు శాఖలనుండియు దానికి వత్తురు. ఈ రెంటికిని ప్రవేశపరీక్ష యున్నది, స్థలములు స్వల్పము. అమెరికాలో పట్టభద్రుడై నాలుగేండ్ల వైద్యవిద్య ముగించినవాడు సామాన్యవైద్యమున మూడేండ్లు, తరువాత ఊపిరితిత్తులు, క్రిటికల్ కేరు రెండును గలిపి మూడేండ్లు నేర్వవలెను. ఆ ముప్పదియారు నెలలలో కనీసము పదునెనిమిది నెలలు రోగులయొద్దనే గడుపవలెనని నియమము. అచ్చటి ఐ.సి.యు.లలో తెలుగువైద్యులు పలువురు పనిచేయుచున్న సంగతి మీలో చాలమందికి తెలియును. 1999లో ఆ దేశపు శిక్షణాధికారసంస్థ ప్రతి శాఖలోను శిష్యుని ఆరు విధములుగా పరీక్షింపవలెనని నిర్ణయించినది. రోగిని చూచుట, శాస్త్రజ్ఞానము, తన పనిని తానే పరిశీలించి దిద్దుకొనుట, మాటనేర్పు, వృత్తిధర్మము, ఆస్పత్రియను మహాయంత్రములో తానొక భాగముగా మెలగుట అను నవి యా యారు. ఇందులో శాస్త్రజ్ఞానము ఒక్క పాలేయని గమనింపుడు. మన పరీక్షలలో నదియే పదునారణాలు.

ఊపిరితిత్తుల వైద్యమును, ప్రాణాపాయవైద్యమును ఒకే వైద్యుని చేతిలో నేల పెట్టవలెనని యెవరికైన సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము 1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగనులో దొరకును. ఈ కథను కొంచెము వివరముగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. మేము చదివినవానిలో మమ్ము మిక్కిలి కదలించిన దిదియే.

ఆ వేసవిలో నచ్చట పోలియో వ్యాధి మహోగ్రముగా వ్యాపించినది. కాళ్లుచేతులు పడిపోవుట యటుండగా, గొంతును, ఊపిరి పీల్చు కండరములును పడిపోయిన పిల్లలు దినదినము బ్లెగ్దాం ఆస్పత్రికి వచ్చుచుండిరి. రోగిని లోపల పరుండబెట్టి గాలియొత్తిడిచే రొమ్మును పైకి లేపు నినుపపెట్టె యచ్చట నొక్కటియే యుండెను. రొమ్మునకు తొడుగు చిన్న యంత్రము లారు. మొదటి మూడువారములలో యంత్రముల నెక్కించిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు ప్రధానవైద్యుడైన లాసెన్ మత్తువైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్ అనువానిని సంప్రదించెను. చనిపోయినవారి రక్తములో అంగారవాయువు సంబంధమైన లెక్క యెక్కువగా నుండుట యందరు చూచినదే. అది రక్తములో క్షారము హెచ్చినదనుటకు గుర్తని వారు తలచుచుండిరి. కాదు, లోపలి వాయువు వెలుపలికి పోక నిలిచిపోవుచున్నదని ఇబ్సెన్ చెప్పెను. అంకె యొక్కటే, చదివిన తీరు వేరు.

ఆగస్టు 27వ తేదిన పండ్రెండేండ్ల బాలిక యొకతె ప్రాణములు పోవుచున్న స్థితిలో నుండగా, గొంతుకు క్రింద రంధ్రము చేయించి, గొట్టము పెట్టి, రబ్బరుసంచిని చేతితో నొత్తి ఆమె ఊపిరితిత్తులలోనికి గాలి నంపిరి. బాలిక బ్రతికెను. కాని యిట్టివారు పదులకొలది యున్నారు. చేతితో ఒత్తుట యెంతసేపు? వైద్యవిద్యార్థులను పిలిపించిరి. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, రాత్రింబవళ్లు, ఒక్కొక్క మంచముకడ గూర్చుండి సంచిని ఒత్తిరి. కొలిమికడ తిత్తి నొత్తుచు గూర్చుండిన పిల్లవానిని మీరందరు నెరుగుదురు. నిద్ర తూగినచో నిప్పు చల్లారును. అచ్చట చల్లారునది యేమో చెప్పనక్కరలేదు. నూటికి ఎనుబదికి మించియుండిన మరణములు సుమారు నలుబదికి దిగినవి. పిమ్మట నింకను తగ్గినవి. మరుసటి సంవత్సరము ఇబ్సెన్ అట్టి రోగులందరిని ఒక్కచోట చేర్చి, ప్రతివారికడ నొక దాదియుండునట్లు ఒక విభాగము నేర్పాటుచేసెను. నేటి ఐ.సి.యు.కు అదియే మూలము. ఊపిరితో పుట్టిన శాఖ యగుటచే ఊపిరితిత్తుల వైద్యునికి అందు సహజమైన స్థానము గలదు.

ఆ విద్యార్థులు నేర్చిన దేమి? పుస్తకమునుండి కాదు, చేతితో నేర్చిరి. ఎంత ఒత్తిన రొమ్ము లేచును, ఎప్పుడు ఆపవలెను, పిల్ల కనుల నెట్లు చూచును – ఇవి చేతికిని కంటికిని వచ్చిన విద్యలు. ఈ చేతివిద్య మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమంతయు "యోగ్య", అనగా అభ్యాసమునుగూర్చియే. గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోతను, నీరును బురదయు నింపిన తోలుసంచులపై భేదనమును, కలువతూడులపై సిరలు పొడుచుటను, పనసతొనలనుండి గింజలు తీయుటచే శల్యములు లాగుటను, గుడ్డయంచులపై కుట్టును, బొమ్మపై కట్లు కట్టుటను శిష్యునిచే జేయింపవలెనని యందు విధింపబడియున్నది. ఎంత చదివినను యోగ్య చేయనివాడు కర్మకు తగడని యాచార్యుని తీర్మానము. నేడు పెద్ద ఆస్పత్రులలో రబ్బరుబొమ్మలకు గొంతులో గొట్టము వేయుట నేర్పుచున్నారు. ఆ బొమ్మలు ఖరీదుగలవి, గుమ్మడికాయ చవుక. సూత్రమొక్కటే: ప్రథమాభ్యాసము రోగిపై జరుగరాదు.

బ్రాంకోస్కోపు అను వంగెడు గొట్టమును 1960 దశకము చివర జపానుదేశస్థుడు షిగెటో ఇకేడా కనుగొనెను. దానితో శ్వాసనాళముల కొమ్మలలోనికి చూడవచ్చును, ముక్క తీసి పరీక్షకు పంపవచ్చును, చిక్కిన వస్తువును లాగవచ్చును. మేకులు పెదవులనడుమ కరచిపట్టుకొని పనిచేయు మన వడ్రంగులు దీని యుపయోగమును ఒక్కదగ్గుతో గ్రహింపగలరు. ఫిలడెల్ఫియాలో షెవాలియె జాక్సన్ అను వైద్యుడు వంగని గొట్టములతోనే జీవితకాలమున రెండువేలకు పైగా వస్తువులను జనుల గొంతులనుండియు శ్వాసనాళములనుండియు తీసి, ప్రతిదానిని దాచియుంచెను. వానిని నేటికిని ఆ పట్టణపు వస్తుప్రదర్శనశాలలో చూడవచ్చును. అమెరికా ఛాతీవైద్యుల సంఘమువారు 2003లో శిష్యుడు కనీసము 100 బ్రాంకోస్కోపీలు చేయవలెనని సూచించిరి. తరువాత అంకె ప్రధానము కాదు, చేతి నేర్పును గురువు స్వయముగా చూచి మార్కు వేయవలెనను వాదము బలపడినది. మేము రెండవపక్షమువారము. నూరుమారులు తప్పుగా చుట్టిన కాసులపేరు నూటొక్కమారును తప్పుగానే చుట్టబడును.

ఇక శిక్షణలో మిక్కిలి కఠినమైన భాగమునకు వత్తము. అది చేయుట కాదు, చేయకుండుట. 1967లో లాన్సెట్ పత్రికలో అమెరికా వైద్యులు కొందరు పండ్రెండుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. ఏ కారణముచేతనో రెండు ఊపిరితిత్తులును ఒక్కసారిగా వాచి, నీరుపట్టి, గట్టిపడి, ఎంత ప్రాణవాయువు నిచ్చినను రక్తమునకు చేరని స్థితి యది. దానిని ఏ.ఆర్.డి.ఎస్. అందురు. వెంటిలేటరుతో బలముగా గాలి నింపినచో బాగుపడునని వైద్యులు చాలకాలము నమ్మిరి. రక్తములోని అంకెలు కూడ అట్లు చేసినప్పుడు చక్కగానే కనబడెడివి. 2000వ సంవత్సరమున 861 మంది రోగులపై జరిగిన పరిశోధనలో ఒక వర్గమునకు దేహభారమునుబట్టి కిలోకు 12 మిల్లీలీటర్లు, రెండవ వర్గమునకు 6 మిల్లీలీటర్లు గాలి నిచ్చిరి. మొదటి వర్గములో నూటికి 39.8 మంది మరణింపగా రెండవ వర్గములో 31 మంది మాత్రమే మరణించిరి. సగము గాలి, ఎక్కువ ప్రాణములు! అతిగా నూదినచో తిత్తి చినుగునని కొలిమికడ గూర్చున్నవానికి తెలియును. గొప్ప గొప్ప ఆస్పత్రులకు అది తెలియుటకు ముప్పదిమూడేండ్లు పట్టినది.

ఇందులో నొక సూక్ష్మము గలదు. ఇచ్చట దేహభారమనగా త్రాసులో తూగిన భారము కాదు. పొడవునుబట్టి లెక్కించిన భారము. మనుష్యుడు బలిసినను ఊపిరితిత్తులు బలియవు. 165 సెంటీమీటర్ల పొడవుగల పురుషునికి లెక్క సుమారు 61 కిలోలు. అతడు 85 కిలోలు తూగినను సరియే. కావున గాలి దాదాపు 370 మిల్లీలీటర్లు. త్రాసుభారమును పట్టుకొని పాతపద్ధతిని 12 చొప్పున లెక్కించినచో వేయి దాటును. ప్రాణము నిలుపు పనిముట్లలో మొదటిది గజముబద్ద యన్నమాట! అయినను 2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనములో, 50 దేశముల ఐ.సి.యు.లలో, ఈ వ్యాధి యున్న రోగులలో నూటికి అరువది మందియందే వైద్యులు దానిని గుర్తించిరని తేలినది. గుర్తింపనివాడు కొలత పాటించుట యెట్లు? 2013లో ఫ్రాన్సు వైద్యులు ఇట్టి రోగులలో తీవ్రస్థితిలో నున్నవారిని దినమునకు పదునారుగంటలు బోరగిల పరుండబెట్టినచో మరణములు సగమునకు తగ్గునని నిరూపించిరి. దానికి యంత్ర మక్కరలేదు. నలుగురైదుగురు మనుష్యులు జాగ్రత్తగా కలిసి త్రిప్పవలెను.

ఈ కలిసి చేయుటయే మరియొక పాఠము. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకుని పాదముగా లెక్కించుటలో నెంత వివేక మున్నదో అమెరికాలోని మిషిగను రాష్ట్రము చూచి తెలిసికొనవచ్చును. ఐ.సి.యు.లో పెద్దసిరలోనికి గొట్టము వేసినప్పుడు క్రిములు చేరి రోగులు మరణించుట సామాన్యముగా నుండెను. పీటర్ ప్రొనొవోస్టు అను వైద్యుడు అయిదే పనులు గల యొక చిన్న పట్టిక వ్రాసెను. చేతులు కడుగుకొనుట, శరీరమంతయు శుభ్రవస్త్రముతో కప్పుట, చర్మమునకు క్లోర్‌హెక్సిడీను పూయుట, వీలైనంతవరకు తొడసిరను వదలుట, అక్కరదీరిన గొట్టమును తీసివేయుట – ఇంతే. ఇందులో నే వైద్యునికి తెలియనిది లేదు. క్రొత్తదన మేమనగా, ఏదైన విడిచినచో దాది వైద్యుని ఆపవచ్చునని యధికార మిచ్చుట. 2006లో ప్రకటించిన ఫలితములలో ఆ రాష్ట్రపు ఐ.సి.యు.లలో ఈ దోషము అత్యల్పమయ్యెను. మన ఆస్పత్రులలో నర్సు "అయ్యా, చేతులు కడుగుకొనలేదు" అని పెద్దవైద్యునితో ననగలదా? అనిన పిమ్మట ఉద్యోగములో నుండగలదా? మన వర్కుషాపులలోనైన చిన్నపనివాడు మేస్త్రీని ఆపగలడా? శిక్షణలో నున్న వైద్యునికి వినుట యలవరుపని గురువు విద్యలో సగము దాచుకొన్నవాడే.

మాటనేర్పునుగూర్చి. మేము పైన చెప్పిన శిల్పి కడపటి తొమ్మిది దినములు ఐ.సి.యు.లో గడిపెను. ప్రతి ఉదయమును తలుపువద్దకు వచ్చి ఒక యువవైద్యుడు ఆక్సిజను ఇంత, రక్తపుపోటు ఇంత యని అంకెలు చదివి లోనికి పోవుచుండెను. బ్రతుకునా యని యతని భార్య యడిగినప్పుడెల్ల "ప్రయత్నించుచున్నా" మనెడివాడు. ఆమె పుస్తెలుదక్క తక్కిన బంగారమంతయు నమ్మినది. ఆ యువకుడు క్రూరుడు కాడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట యతనికి ఎవ్వరును నేర్పలేదు. అది నేర్పవచ్చును. కొన్ని దేశములలో నటులను రోగిబంధువులుగా గూర్చుండబెట్టి శిష్యులచే ఈ సంభాషణ నభ్యసింపజేయుచున్నారు. ఇదియు నొక యోగ్యయే. 2007లో ఫ్రాన్సుదేశమున 22 ఐ.సి.యు.లలో పరీక్షించిరి. మరణాసన్నుని బంధువులతో కూర్చుండి చేయు సమావేశమునకు ఒక క్రమమేర్పరచి, వారిని మాటాడనిచ్చుటయే ముఖ్యముగా పెట్టుకొన్నచోట సమావేశము ఇరువది నిమిషములనుండి ముప్పది నిమిషములకు పెరిగినది. బంధువులు మాటాడిన కాలము అయిదు నిమిషములనుండి పదునాలుగునకు పెరిగినది. మూడునెలల తరువాత విచారింపగా ఆ బంధువులలో మనోవ్యాధి తక్కువగా నున్నది. పదినిమిషముల ఖర్చు! మనదేశమున సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, నయముకాని స్థితిలో కృత్రిమసాధనములచే ప్రాణమును లాగకుండుమని ముందుగా వ్రాసియుంచు హక్కును అంగీకరించి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసినది. ఈ విషయమును బంధువులతో తిన్నగా మాటాడగల వైద్యులు లేనిచో ఆ తీర్పు కాగితముమీదనే యుండును.

మొదటి శంకకు, అనగా "క్షయాస్పత్రి యుద్యోగము" అను మాటకు, ఇప్పుడు సమాధానము. అది యుద్యోగమైనను తక్కువది కాదు. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవవంతు మనదేశమువారే. మదనపల్లెయొద్ద ఆరోగ్యవరము 1915లో తెరవబడినప్పుడు విశ్రాంతి, గాలి, ఆహారము తప్ప వేరు చికిత్స లేదు. 1956లో మదరాసున స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రము, మందులు సరిగా వాడినచో రోగి యింటిలో నుండియు శానిటోరియములో నున్నంత బాగుగనే కోలుకొనునని 1959లో లోకమునకు చూపినది. ప్రపంచమంతట శానిటోరియములు మూతపడుటకు ఆ పరిశోధనము గొప్ప కారణము. ఇట్టి చరిత్రగల శాఖను మనము చిన్నచూపు చూచుట తగదు. 2021 ఏప్రిలు, మే నెలలను మరచినవా రెవ్వరైన నున్నారా? ఆక్సిజను సిలిండరుకై తిరిగినవారు ఈ సభలోనే యున్నారు. వెంటిలేటర్లు వచ్చియు నడపుటకు శిక్షితులు చాలక కొన్నిచోట్ల మూలబడియుండినవని పత్రికలలో చదివితిమి. యంత్రమునకు చందా లిచ్చువారు దొరకుదురు. దానిపై ఇచ్చినవారి పేరు చెక్కవచ్చును గనుక. మనుష్యుని శిక్షణకు చందా లిచ్చువారే యరుదు.

కావున కార్యవర్గమునకు మా మనవి యిది. ఆ యిరువురికిని సహాయము చేయవలసినదే, గాని షరతులతో చేయవలెను. శిక్షణకాలములో వారు చేసిన పనుల దినచర్యపుస్తకమును, గురువుల సంతకముతో, సంవత్సరమునకొకమారు మన విద్యానిధికి చూపవలెను. రోగుల పేర్లు అందుండరాదు. సెలవులలో నొకవారము ఆళ్లగడ్డలోనో దుర్గిలోనో శిల్పుల ఊపిరిబలమును స్పైరోమీటరుతో కొలిచి, ఎక్సురే యవసరమైనవారిని జిల్లా ఆస్పత్రికి పంపవలెను. ఱాతిని నీళ్లు పోయుచు కోయుటవలన దుమ్ము చాలవరకు అణగునని, మూతికి కట్టిన గుడ్డ సూక్ష్మరేణువులను ఆపదని, ఎన్-95 వంటి మాస్కు కావలెనని, కాడ్మియపు టతుకు మానవలెనని మనవారికి మన భాషలో చెప్పవలెను. కులపెద్ద చెప్పినచో వినని శిల్పి కులపు బిడ్డయైన వైద్యురాలు చెప్పినచో వినునేమో. శిక్షణ ముగిసిన తరువాత కార్పొరేటు ఆస్పత్రిలో జేరుటకు మేము అడ్డు చెప్పము. నెలకు రెండుదినములు మాత్ర మిట్టి పనికి వ్రాసి యియ్యవలెను.

వరుని పేరు ప్రక్కన డి.ఎం. అను రెండక్షరములు పెండ్లిపత్రికలో నెంతకు తూగునో లెక్క వేయుచు చందా వ్రాయదలచిన పోషకులెవరైన నున్నచో వారు గుండెశాఖ దరఖాస్తులను చూచుకొనవచ్చును, అవియు నాలుగున్నవి.

ఈ యిరువురి దరఖాస్తులును, వారి గురువులు వ్రాసిన యోగ్యతాపత్రములును కార్యదర్శిగారియొద్ద నున్నవి. రేపు ఉదయము తొమ్మిదిగంటలకు జరుగు విద్యానిధి సమావేశమునకు ఆ యువతీయువకులు కూడ వచ్చుచున్నారు. పోషకులు దయచేసి వచ్చి, వారిని ప్రశ్నింపుడు. మార్కులను మేమే చూచితిమి, చాలినన్ని యున్నవి. తక్కినది మీ రడుగవలెను.